వేరే ఊరి ఓటు

జరేచ్యే, 24 జనవరి 1954

వేన్యా, నా చిన్న తమ్ముడూ,

నీకు ముప్పై ఆరేళ్లొచ్చినా నాకు చిన్నవాడివే, మొహం చిట్లించకు. నేను బాగానే ఉన్నాను. బాగాలేనిది నా నెత్తిమీది కప్పు. పొయ్యి రాజేస్తే కప్పు మీది మంచు కరిగి మంచం మీద కారుతుంది. రాజేయకపోతే చలికి కొయ్యబారిపోతాను. మంచం మీద బకెట్టు, పొయ్యి పక్కన గంగాళం, ఆ రెంటికీ మధ్య మీ అక్క ముడుచుకుని పడుకుంటోంది. పొద్దున్నే లేచి నార మిల్లుకి పోతే అక్కడే కాస్త వెచ్చగా ఉంటుంది.

అసలు సంగతి విను. మార్చి పద్నాలుగున ఓట్లు కదా. మా మిల్లు కూలీల బ్యారక్ మీద నోన్నా అని ఒక పంతులమ్మను ప్రచారానికి వేశారు. ఇరవై రెండేళ్ల పిల్ల. ఇక్కడున్న నలభై ఒక్క మందీ మధ్యాహ్నం పన్నెండులోగా ఓటేసేలా చూడటం ఆ పిల్ల పని. ఒక్కరు తగ్గినా చీవాట్లు తనకే. పోయినవారం మమ్మల్నందర్నీ నడవలో కూర్చోబెట్టి అభ్యర్థి జీవిత విశేషాలు చదివింది. అభ్యర్థి ఒక్కడే కాబట్టి ఎవరికెయ్యాలా అని మాకు తలనొప్పి లేదు. చదవడం అయ్యాక "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అంది. నేను లేచాను.

"ఉందమ్మా. నలభై ఆరులో ఓట్లప్పుడు కప్పు వేయిస్తామన్నారు. యాభైలో ఓట్లప్పుడు వచ్చి కొలతలు పట్టుకుపోయారు. ఈసారి ఏం పట్టుకుపోతారు?"

నడవ నడవంతా నవ్వింది. పాపం, ఆ పిల్ల మొహం కందగడ్డ అయింది. "గ్లఫీరా ఫ్యోదరొవ్నా, ముందు ఓటు, తర్వాత కప్పు" అంది. "కాదు తల్లీ, ముందు కప్పు. కప్పు వేస్తే ఆరింటికి తలుపు తెరవగానే మొదటి ఓటు నాది. వేయకపోతే మంచం మీద కూర్చుంటాను. రోగిష్టివాళ్ల కోసం ఇంటింటికీ తిప్పుతారే ఆ పెట్టె, దాన్ని నా ఒళ్లో పెట్టినా వేయను" అన్నాను. అన్నాక భయం వేయలేదంటే అబద్ధం. కానీ అన్నమాట అన్నదే.

అస్యా ఫోటో పంపుతానని ఏడాదైంది. ఆరేళ్ల మేనకోడలు ఎదురుపడితే గుర్తుపట్టలేని అత్తను నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఇంకా ఆ పోస్టాఫీసు కౌంటరుకే రాయాలా? నీకొక ఇల్లంటూ ఉంది కదా.

నీ గ్లాషా

---

లెనిన్‌గ్రాద్, 31 జనవరి

అక్కా,

నీ ఉత్తరం పోస్టాఫీసు మెట్ల మీద నిలబడే చదివాను. బకెట్టు, గంగాళం దగ్గర నవ్వొచ్చింది. చివరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

కౌంటరు సంగతి నీకు ముందే చెప్పాను. మా వాటాలో అయిదు కుటుంబాలకి ఒకటే తలుపు, ఒకటే ఉత్తరాల పెట్టె. ఎవరి ఉత్తరం ఎవరు ఆవిరి పట్టి తెరుస్తారో తెలియదు. నేను ప్రతి శనివారం పని నుంచి వస్తూ కౌంటరు దగ్గర అడుగుతాను. నీ ఉత్తరం ఉంటే ఆ వారమంతా బాగుంటుంది. నమ్ము.

ఇప్పుడు నేను బతిమాలుతున్నాను, ఓటెయ్యి. నువ్వన్నది న్యాయం కాదని నేననను. కానీ ఓటెయ్యని మనిషంటే ఎవరో ఒకరు కాగితం తీసి పేరు రాస్తారు. పేరు రాశాక, ఈవిడ ఎవరు, ఎక్కడ పుట్టింది, ఎవరి తాలూకు అని ఆరా తీస్తారు. సరిగ్గా ఇప్పుడే మా డిజైను కార్యాలయంలో నన్ను విభాగానికి పెద్దను చేయాలని చూస్తున్నారు. మళ్లీ కొత్తగా వివరాల ఫారం నింపాలి. అందులో నా గురించి ఒక పేజీ అడిగితే మనవాళ్ల గురించి మూడు పేజీలు అడుగుతారు. ఈ రెండు నెలలూ నీ పేరు ఏ కాగితం మీదా పడకూడదు. నాకోసం ఈ ఒక్కటీ చెయ్యి.

ఫోటో తప్పకుండా పంపుతాను. ఫోటో తీసేవాడు పిల్లను కదలకుండా కూర్చోబెట్టలేకపోయాడు.

నీ వేన్యా

---

జరేచ్యే, 8 ఫిబ్రవరి

వేన్యా,

ఈసారి చిన్న తమ్ముడూ అనలేదు, కోపంగా ఉన్నాను. నా కప్పుకీ నీ కుర్చీకీ ఏమిటి సంబంధం? ఎక్కడో అయిదువందల మైళ్ల దూరంలో నీళ్లు కారితే నీ విభాగం తడిసిపోతుందా?

ఆ ఫారం ఏమిటో నాకు తెలియనిది కాదు. "శత్రువు ఆక్రమించిన ప్రాంతంలో ఉన్నారా" అని ఒక గడి ఉంటుంది. నేను ప్రతిసారీ "ఉన్నాను" అనే రాస్తాను. రెండేళ్లు మన గ్లింకీలోనే ఉన్నాను, జర్మన్ల దుప్పట్లు ఉతికాను, వాళ్ల వంటగది వెనక పారేసిన బంగాళాదుంప తొక్కలు ఏరుకొచ్చి ఉడకేసుకుని తిన్నాను. ఊరు తగలబెట్టి వాళ్లు పోయాక ఏరు దాటి ఈ ఒడ్డుకొచ్చాను. అందుకే పదేళ్లుగా నార దువ్వుతున్నా నన్ను మేస్త్రీని చేయరు. సరే, చేయొద్దు. నీ ఫారంలో నా గురించి ఏం రాశావో నేను ఎప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగను. అమ్మ పోయినప్పుడు నీకు తొమ్మిదేళ్లు. నిన్ను చదివించింది నువ్వు పెద్దవాడివి కావాలనే కదా, నేను నీకు అడ్డం పడతానా?

ఇక్కడ వినోదం చూడు. నా దెబ్బకి ముగ్గురు మనుషులు తనిఖీకి వచ్చారు. ఒకడు బకెట్లోకి తొంగిచూశాడు, ఒకడు వేలు పెట్టి చూశాడు, మూడోవాడు "కారుట వాస్తవమే" అని రాసుకున్నాడు. "మరి కప్పు?" అన్నాను. "రేకులు రెండో మూడు నెలలకి, అంటే ఏప్రిల్, జూన్ మధ్య వస్తాయి" అన్నాడు. "అయితే నేనూ రెండో మూడు నెలలకి వస్తాను, పెట్టె తియ్యకండి" అన్నాను.

నోన్నా నిన్న సాయంత్రం వచ్చి నా మంచం అంచున కూర్చుని ఏడ్చింది. తనకి కాలేజీలో పై చదువుకి సిఫార్సు కావాలట, నా ఒక్క ఓటు తగ్గితే రాదట. టీ ఇచ్చాను. అటు అది, ఇటు నువ్వు. ఇద్దరూ కలిసి నన్ను పెద్ద రాజకీయ నాయకురాలిని చేశారు. కారే నీళ్లు పట్టుకునే ఒక ముసలిదాన్ని నేను.

గ్లఫీరా

---

లెనిన్‌గ్రాద్, 14 ఫిబ్రవరి

అక్కా, కోపం తగ్గించుకో,

నీ ఓటు నువ్వు వెయ్యకుండా, నోన్నా ఏడవకుండా, ఎవరి పేరూ ఎక్కడా పడకుండా ఒక ఉపాయం ఉంది. ఇక్కడ మా వాళ్లలో ఎంతోమంది చేసే పనే. ఓటర్ల జాబితా పెట్టిన గదికి వెళ్లి, పద్నాలుగో తారీఖున ఊళ్లో ఉండను, లెనిన్‌గ్రాద్ వెళ్తున్నాను అని చెప్పు. వేరే ఊళ్లో ఓటేసుకోవచ్చని ముద్రేసిన చీటీ ఒకటి ఇస్తారు. మీ జాబితాలోంచి నీ పేరు కొట్టేస్తారు. వాళ్లకి లెక్క సరిపోతుంది, నలభైకి నలభై. ఎవరూ ఎదురు అడగరు. నిన్ను వదిలించుకున్నందుకు దణ్ణం పెడతారు కూడా.

ఇంతకన్నా ఏం రాయను? నీకు అర్థమవుతుంది. నీ కప్పు సంగతి ఓట్లయ్యాక ఇద్దరం ఆలోచిద్దాం. నీకు అడ్డంకిగా మాట్లాడానని అనుకోకు. నీ మీద ఉన్నంత ప్రేమ నాకు ఇంకెవరిమీదా లేదు, అది చూపించే తీరే నాకు చేతకాలేదు.

వేన్యా

---

జరేచ్యే, 21 ఫిబ్రవరి

నా బంగారు వేన్యా,

అర్థమైంది! మూడుసార్లు చదివాక అర్థమైంది. నువ్వు చిన్నప్పుడూ అంతే, బెల్లంముక్క కావాలంటే "అక్కా, ఆ డబ్బా మూత సరిగ్గా పడలేదేమో చూడు" అనేవాడివి. రమ్మని పిలవడానికి కూడా ఓట్ల చీటీ అడ్డం పెట్టుకోవాలా? పందొమ్మిదేళ్లయింది నిన్ను చూసి. మరదలు రిమ్మాకి ఇష్టం లేదేమో, నా మాటతీరుకి మీ ఇంట్లోవాళ్లు సిగ్గుపడతారేమో అని ఎన్నిసార్లు అనుకున్నానో ఇప్పుడు చెప్తున్నాను. నన్ను క్షమించు.

మర్నాడే వెళ్లి చీటీ తెచ్చుకున్నాను. "లెనిన్‌గ్రాద్‌లో ఎవరున్నారు?" అంది జాబితా దగ్గర కూర్చున్నావిడ. "నా తమ్ముడు, ఇంజనీరు" అని గది మొత్తం వినేలా చెప్పాను. నోన్నా నన్ను కావలించుకుంది. కప్పు గురించి ఇక ఒక్క మాట మాట్లాడనని దానికి మాటిచ్చాను. నా పంతం పోయింది, పోతే పోనీ. మిల్లులో సిబ్బంది విభాగం పెద్ద ఒసీప్ లుకిచ్ నాలుగు రోజులు సెలవిచ్చాడు. "తమ్ముడి దగ్గరికంటే కాదనలేను, గ్లఫీరా" అన్నాడు.

బ్యారక్ అంతా నా ప్రయాణమే. ఎదురు గది దార్యా తన తోలు సంచి ఇచ్చింది. మిగతావాళ్లు మంచి సూదులు, చక్కెర, పిల్లల మేజోళ్లు తెమ్మని జాబితా ఇచ్చారు. నీకు ఊరేసిన పుట్టగొడుగులు, ఉప్పు పట్టించిన పంది కొవ్వు. రిమ్మాకి నేనే నేసిన రెండు తువ్వాళ్లు. అస్యాకి ఏం తేవాలో తెలియక బొమ్మకి కోటు కుట్టాను. బొమ్మ ఎంతుంటుందో తెలియదు, ఒక జానెడు అనుకున్నాను.

పదమూడు సాయంత్రం బండి, ఆదివారం పొద్దున్నకి దిగుతాను. స్టేషన్‌కి రా. బూడిదరంగు శాలువా కప్పుకుని ఉంటాను. పళ్లు రెండు ఊడిపోయాయి, చూసి నవ్వకు.

నీ దగ్గరికొస్తున్న అక్క

---

లెనిన్‌గ్రాద్, 27 ఫిబ్రవరి

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. కౌంటరు దగ్గరే, అక్కడి సిరా కలంతోనే రాస్తున్నాను. నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఇప్పుడు రావద్దు. అస్యాకి జ్వరం, ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు. అంటుకునే జబ్బు కాబట్టి డాక్టరు ఇంటికి ఎవరినీ రానివ్వొద్దంది. రిమ్మా నిద్రాహారాలు లేకుండా ఉంది. ఎండాకాలంలో నేనే వచ్చి నిన్ను చూస్తాను, మాటిస్తున్నాను. చీటీ ఎలాగూ తీసుకున్నావు కాబట్టి ఆ ఆదివారం తలుపేసుకుని ఇంట్లో ఉండిపో, అంతే.

నీ ఆనందం చెడగొట్టానని తెలుసు. నన్ను తిట్టుకో.

వేన్యా

---

జరేచ్యే, 5 మార్చి

వేన్యా, కంగారు పడకు,

పిల్లకి ఒళ్లు బాగాలేకపోతే నేను తలుపేసుకుని కూర్చోవాలా? నీకు మతిపోయినట్టుంది. ఆ ఎర్ర జ్వరం నీకు ఏడేళ్లప్పుడు వచ్చింది. పదకొండు రాత్రులు నిన్ను ఒళ్లో పెట్టుకున్నాను, నాకేం అంటుకోలేదు. రిమ్మాకి చెప్పు, కాస్త నడుం వాల్చమను. నేనొచ్చి చూసుకుంటాను. ఎండు బెర్రీలు, లిండెన్ పువ్వులు మూట కట్టాను. గోరువెచ్చగా తాగిస్తే చెమట పట్టి దిగుతుంది.

ఒసీప్ లుకిచ్‌ని బతిమాలి ఒకరోజు ముందే బయలుదేరుతున్నాను. శనివారం పొద్దున్నకల్లా ఉంటాను. నువ్వు పిల్లను వదిలి స్టేషన్‌కి రావద్దు. నోరుంటే దారి అదే దొరుకుతుంది.

గ్లాషా

---

లెనిన్‌గ్రాద్, స్టేషన్‌లో, ఆదివారం 14 మార్చి

వెనియమిన్ ఫ్యోదరొవిచ్‌కి,

నీ ఇంటి చిరునామా నువ్వివ్వలేదు కానీ ఈ ఊళ్లో చిరునామాలు చెప్పే డబ్బా గదులుంటాయట. స్టేషన్ బయటే ఉంది. నీ పేరు, పుట్టిన ఏడు, పుట్టిన ఊరు చెప్పాను. పావుగంటలో చీటీ మీద రాసిచ్చారు. పందొమ్మిదేళ్ల దూరం పావుగంట పని అని తెలిస్తే ముందే వచ్చేదాన్ని.

తలుపు తీసింది ఆరేళ్ల పిల్ల. చేతిలో తాడు, నడవలో గెంతుతోంది. దద్దుర్లూ లేవు, జ్వరమూ లేదు. బుగ్గలు నీవే. "అమ్మా, ఎవరో మామ్మ వచ్చింది" అని అరిచింది. అప్పటికీ నాకు తెలివి రాలేదు వేన్యా. పిల్ల తొందరగా కోలుకుందనుకుని సంతోషించాను.

రిమ్మా వచ్చింది. మంచి మనిషి, కళ్లు చూస్తే తెలుస్తుంది. "ఎవరు కావాలండీ?" అంది. నేను నోరు తెరిచేలోపు ఆమె వెనక గోడ మీద నా ఫోటో కనపడింది. జడ ముందుకి వేసుకుని తీయించుకున్నది, నువ్వు ఊరు విడిచేటప్పుడు నీ పెట్టెలో పెట్టానే, అది. కింద ఎండు పూలు గుచ్చి ఉన్నాయి. నేను దాన్నే చూస్తున్నానని పిల్ల చెప్పింది: "అది మా గ్లాషా అత్తయ్య. జర్మన్లు ఉరేశారు. మనవాళ్లు ఎక్కడ దాక్కున్నారో చెప్పమంటే చెప్పలేదు. అందుకని."

అప్పుడు అర్థమైంది, నీ ఫారంలో నేనేమయ్యానో.

"మీరు గ్లింకీ నుంచా?" అంది రిమ్మా. అవునన్నాను. వాళ్ల పక్కింటిదాన్ని, ఇటు పనిమీద వచ్చాను, వెనియమిన్‌ని పలకరించిపోదామని వచ్చాను అన్నాను. నువ్వు పనిలో ఉన్నావంది. బలవంతంగా కూర్చోబెట్టి టీ పోసింది. "మా వదిన మీకు బాగా తెలుసా? ఈయన ఆవిడ గురించి అడిగితే మాట తప్పించేస్తారు, బాధ అనుకుంటాను. ఎలా ఉండేది?" అని అడిగింది. ఏం చెప్పను? నా గురించి నన్నే అడిగితే?

"మొండిది" అన్నాను. "నోటి దురుసు. తమ్ముడంటే మాత్రం ప్రాణం."

రిమ్మా కళ్లు తుడుచుకుంది. నేను టీ తాగాను. టీ చాలా బాగుంది.

నన్ను చంపేటప్పుడు ఒక మాట అడగాల్సింది వేన్యా. రోగంతో పోయిందని రాసినా సరిపోయేది కదా. ఉరి తీయించి, వీరురాలిని చేశావు. నేను వాళ్ల దుప్పట్లు ఉతికినదాన్ని. అక్కడ నిజంగా ఉరికి వేలాడినవాళ్లని ఈ కళ్లతో చూశాను, బావి దగ్గర మూడు రోజులు దించనివ్వలేదు. వాళ్ల చావు తెచ్చి నాకు తొడిగావు. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది. నువ్వు నన్ను వద్దనుకున్నందుకు కూడా ఇంత బాధ లేదు. అబద్ధమెందుకు, దానికీ ఉంది.

తెచ్చినవన్నీ రిమ్మాకి ఇచ్చేశాను. బొమ్మ కోటు పట్టలేదు, బొమ్మ మూడు జానల పొడవుంది. రాత్రి స్టేషన్ బెంచీ మీద పడుకున్నాను. ప్రయాణికుల కోసం ఇక్కడే ఓట్ల గది పెట్టారు, వరసలో నిలబడి నా చీటీ ఇచ్చి ఓటేశాను. నారింజలు అమ్ముతున్నారు, ఒకటి కొనుక్కుని తిన్నాను. సాయంత్రం బండికి పోతున్నాను. ఈ ఉత్తరం నీ కౌంటరుకే వేస్తున్నాను. నీ ఇంటికి వేసే పని నేను చేయను, భయపడకు.

గ్లఫీరా

---

లెనిన్‌గ్రాద్, 27 మార్చి

అక్కా,

ఈ ఉత్తరం ఏడోది. ఆరు చింపేశాను.

ముందు అన్నిటికన్నా నీచమైనది చెప్తాను. పదమూడో తారీఖు సాయంత్రం కౌంటరు దగ్గర, ఒకరోజు ముందే వస్తున్నానన్న నీ ఉత్తరం చదివి ఇంటికి పరిగెత్తాను. గ్లింకీ నుంచి ఒక ఆవిడ వచ్చి వెళ్లిందని రిమ్మా చెప్పింది. రాత్రంతా నిద్రపోలేదు. ఆదివారం పొద్దున్నే స్టేషన్‌కి వచ్చాను. ఓట్ల వరసలో నువ్వు కనపడ్డావు. బూడిదరంగు శాలువా, చేతిలో పెద్ద సంచి. నాలుగు అడుగులు వేస్తే నీ భుజం మీద చెయ్యి వేసేవాణ్ణి. అప్పుడే మా కార్యాలయం మనిషి ఒకడు ఎదురై "ఇక్కడేం చేస్తున్నావు?" అన్నాడు. "ఎవరినో సాగనంపడానికి" అని, అతనితో కలిసి బయటికి వెళ్లిపోయాను.

ఆ ఫారం నలభై ఆరులో నింపాను. ఊరు కాలిపోయింది, కాగితాలు కాలిపోయాయి, నువ్వు బతికున్నావని నాకు కబురు లేదు. పోయావనే అనుకుని "శత్రువుల చేతిలో మరణించింది" అని రాశాను. అప్పటికి అది అబద్ధం కాదు. ఆ తర్వాత ఎనిమిది నెలలకి నీ మొదటి ఉత్తరం వచ్చింది. అప్పుడే వెళ్లి దిద్దుకోవాల్సింది. రేపు, ఎల్లుండి అనుకున్నాను. పెళ్లయింది, రిమ్మా అడిగింది, ఒకటి చెప్పాను. పిల్ల అడిగింది, ఇంకొకటి కలిపాను. ప్రతి ఏడూ నిన్ను కొంచెం కొంచెంగా ఎక్కువ చంపాను.

స్టేషన్‌లో నువ్వు రాసిన ఉత్తరం రిమ్మా చేతిలో పెట్టాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు "పక్కింటివాళ్లు మన నడవలో బూట్లు వేసుకుంటూ అలా ఏడవరు. నాకు అనుమానం రావాల్సింది" అంది. తర్వాత "వెళ్లి రాయి. ఏం పోతే అది పోతుంది" అంది.

నిన్న సిబ్బంది విభాగంలో కూర్చుని కొత్త ఫారం నింపాను. అక్క, గ్లఫీరా ఫ్యోదరొవ్నా, సజీవురాలు, జరేచ్యే నార మిల్లులో పని, ఆక్రమణ కాలంలో గ్లింకీలో నివాసం. పాత ఫారంలో రాసినది తప్పు అని కింద సంతకం చేశాను. అక్కడి పెద్దమనిషి పాత ఫారం తీసి పక్కన పెట్టుకున్నాడు. "ఎనిమిదేళ్లు దాచావు. ఇప్పుడు చెప్పినది నిజమని మాకేమిటి నమ్మకం? మీ మిల్లుకి ఫోను చేసి అడుగుతాం. రెండు వైపులా ఒకే మాట వస్తే మందలింపుతో పోతుంది. తేడా వస్తే మాత్రం సంగతి మా చేతిలో ఉండదు" అన్నాడు. విభాగం ఎలాగూ నాకు రాదు. దాని గురించి బెంగలేదు.

కాబట్టి నిన్ను అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పు, అంతే చాలు. ఈ వేసవికి నువ్వు మా ఇంటికి రావాలి. చిరునామా కవరు వెనక రాశాను. అస్యాకి ఇంకా చెప్పలేదు, ఎలా చెప్పాలో నువ్వొచ్చాక చూద్దాం.

క్షమించమని అడిగే మొహం లేదు.

వేన్యా

---

జరేచ్యే, 4 ఏప్రిల్

వేన్యా,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. రాసినా ఇప్పుడు చేరదు. ఏట్లో మంచు విరిగి వారమైంది. గడ్డలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కొట్టుకుపోతున్నాయి, పడవ లేదు, మంచు మీద నడిచే దారీ లేదు. టపా సంచులు అవతలి ఒడ్డునే పడున్నాయట. ఈ ఉత్తరం కూడా ఏరు తేరుకున్నాకే పోతుంది. అయినా రాస్తున్నాను, నువ్వు భయంతో సగం అయిపోయి ఉంటావని.

స్టేషన్‌లో రాసిన ఉత్తరంలో చాలా కటువుగా మాట్లాడాను. బండిలో కూర్చున్నాక ఆలోచించాను. నీకు ఒక ఇల్లుంది, మంచి భార్య ఉంది, తాడు గెంతే పిల్ల ఉంది. నా ఫోటో కింద పూలు పెట్టారు. నాకు పూలు పెట్టేవాళ్లు ఇక్కడ ఎవరున్నారు? కోపం పోయింది. నిజంగానే పోయింది.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న ఒసీప్ లుకిచ్ నన్ను తన గదికి పిలిచి తలుపేశాడు. లెనిన్‌గ్రాద్ నుంచి ఫోను వచ్చిందట, ఏదో డిజైను కార్యాలయం. "గ్లఫీరా, వెనియమిన్ ఫ్యోదరొవిచ్ అని నీకు తమ్ముడున్నాడా? జాగ్రత్తగా చెప్పు, రాసి పంపాలి" అన్నాడు. ఎవడో నా రాకపోకలు కనిపెట్టి నీ మీద రాసేశాడనుకున్నాను. చిరునామాల గదిలో నీ పేరు చెప్పాను కదా, అక్కడే పట్టుకున్నారేమో.

కానీ నేను తడబడలేదు, చూడు. "లేడు" అన్నాను. "ఉండేవాడు, యుద్ధంలో పోయాడు, నలభై రెండులో." ఆయన నోరు తెరిచాడు. "మరి నెల కింద తమ్ముడి దగ్గరికని సెలవు తీసుకున్నావే?" అన్నాడు. "అబద్ధం చెప్పాను ఒసీప్ లుకిచ్. ఒక్కసారి ఆ ఊరు చూడాలని ఆశ. తమ్ముడంటే కాదనరని అలా చెప్పాను. ఆ పేరు గలవాణ్ణి నేను ఎరగను" అన్నాను. నీ చావు గురించి చెప్తుంటే నిజంగానే ఏడుపొచ్చింది, ఆపుకోలేకపోయాను. ఆ ఏడుపు చూసి ఆయన నమ్మాడు. నీళ్లిచ్చాడు. అదంతా కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకున్నాడు. అప్పటికప్పుడే ఫోనులో లెనిన్‌గ్రాద్‌కి చదివి వినిపించాడు, నా ఎదురుగానే, ఒక్క మాట పొల్లుపోకుండా.

సెలవు మోసానికి నా పేరు అందరూ చదివేలా మిల్లు గోడకి ఎక్కించారు. బ్యారక్‌లో దార్యా నాతో మాట్లాడటం మానేసింది, సంచి తిరిగిస్తే తలుపు సందులోంచి అందుకుంది. లేని తమ్ముణ్ణి చూపించి అందరి దగ్గరా జాబితాలు తీసుకుందని చెప్పుకుంటున్నారు. చెప్పుకోనీ. నాలుగు రోజులు చెప్పుకుని వాళ్లే మర్చిపోతారు.

నువ్వు మాత్రం ఇక దేనికీ బెంగపడకు. నన్ను అడిగారు, నేను చెప్పాను, సంతకం పెట్టాను. ఇక ఎవరు ఎంత తవ్వినా నీకూ నాకూ సంబంధం ఉందని ఎక్కడా దొరకదు. హాయిగా నిద్రపో.

గ్లాషా